చిల్లు మూత

ఆ యూనివర్సిటీలో ప్రొఫెసర్లంటే భయం లేని పరిశోధక విద్యార్థులు కూడా లేబుళ్ళక్కంటే భయపడేవారు. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. మంగళవారం, శుక్రవారం నాలుగు చక్రాల బండి తోసుకుంటూ ల్యాబుల వెంట తిరగడం, వాడి వదిలేసిన రసాయనాల సీసాలు పోగుచేసి వెనకవైపున్న వ్యర్థాల గదికి చేర్చడం ఆమె పని. పద్నాలుగేళ్ళుగా అదే పని. లేబుల్ లేని సీసాను ముట్టుకోదు. లేబుల్ మీద ఉత్త 'వేస్ట్' అని రాసి ఉంటే, "ఎవరి వేస్టు? ఏం వేస్టు? ఎప్పటి వేస్టు?" అని నిలదీస్తుంది. ముప్పావుకు మించి నింపితే వెనక్కి ఇచ్చేస్తుంది. యాసిడ్ సీసా పక్కన స్పిరిట్ సీసా కనిపించిందా, ఆ ల్యాబ్ వాళ్ళకు ఆ పూట మూడినట్టే.

కొత్త పదార్థం కనిపెట్టి పేపర్లో ఫొటో వేయించుకున్న మహానుభావులు కూడా దాని మిగులును గుట్టుగా సింకులో పోసి చేతులు దులుపుకుందామని చూసేవారు. ఆమె దగ్గర వాళ్ళ పప్పులు ఉడికేవి కావు. "కనిపెట్టడానికి నాలుగేళ్ళు పట్టిందన్నారుగా, పేరు రాయడానికి నాలుగు నిమిషాలు పట్టదా?" అని అందరి ముందూ అడిగేసేది. వాళ్ళు మూతి ముడుచుకుని పెన్ను కోసం జేబులు తడుముకునేవారు.

అలాంటి మనిషి గదిలో సీసా పేలింది. పేలి పదకొండు రోజులైంది. ఆమె వదిన ఎడమ కన్ను పోయింది. ఈ పదకొండు రోజుల్లో లేబుళ్ళక్కకు ఒక్కసారి కూడా ఏడుపు రాలేదు.

వదిన అంటే సొంత అన్నయ్య భార్య. భర్త పోయాక లేబుళ్ళక్క అన్నయ్య ఇంట్లోనే, వెనక గదిలో ఉంటోంది. అన్నయ్య సిటీ బస్సు నడుపుతాడు. వ్యర్థాల గదీ, పక్కనున్న రెండు ల్యాబులూ తుడిచే ఉద్యోగం ఖాళీ పడితే, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి వదినకు వేయించింది తనే. మూడేళ్ళుగా ఇద్దరూ ఒకే బస్సులో వచ్చి ఒకే బస్సులో వెళ్ళేవారు. కిటికీ పక్క సీటు కోసం చిన్నపిల్లల్లా పోటీపడేవారు కూడా.

జరిగింది చెప్పడానికి పెద్ద కథేం కాదు. ఒక గురువారం బయటి నుంచి తనిఖీ వాళ్ళు వస్తారని ముందే తెలిసింది. సేఫ్టీ ఆఫీసరు, విద్యార్థులు పెట్టిన పేరు రూళ్ళకర్ర, ముందురోజే వచ్చి, "గది అద్దంలా ఉండాలమ్మా" అని చెప్పి వెళ్ళాడు. ఆమెకు ఒకరు చెప్పాలా? గురువారం తెల్లారకముందే వదినను వెంటపెట్టుకుని వచ్చింది. సీసాలు ముట్టుకునే అనుమతి తుడిచే మనిషికి లేదు. అది ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. అయినా పని తెమలాలని, "నువ్వు తుడిచి అందించు వదినా, నేను చూసుకుంటాను" అంది. వదిన తడిగుడ్డతో ఒక్కో సీసా తుడిచి, పక్కనే కొత్త ఎర్ర మూతల సంచి పట్టుకుని నిలబడింది. ఈమె పాత లేబుళ్ళు తీసి కొత్తవి అంటించింది, జిడ్డు మూతలు తీసి ఎర్ర మూతలు పెట్టింది.

నైట్రిక్ యాసిడ్ సీసా దగ్గర చెయ్యి ఆగింది. లోహాల ల్యాబ్ నుంచి ఆ మంగళవారమే వచ్చిన సీసా అది. దానికి మామూలు మూత పెట్టకూడదు. లోపల పుట్టే గాలి బయటకు పోవడానికి మధ్యలో సన్నటి రంధ్రం ఉన్న మూతే ఉండాలి. ల్యాబుల్లో దాన్ని చిల్లు మూత అంటారు. ఎవరో ఒక పరిశోధకుడు గాజుసామాను కడిగిన స్పిరిట్‌ను పొరపాటున ఆ యాసిడ్‌లో పోస్తాడు, పోసినట్టు రాయడు. అప్పుడు లోపల గోధుమరంగు పొగ పుడుతుంది. చిల్లు ఉంటే పొగ బయటకు పోతుంది, గదిలో వాసన వస్తుంది, తలుపులు తెరుస్తారు, అంతటితో సరి. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ ఈ సంగతి ఆమే చెప్తుంది. ఎన్ని వందలమందికి చెప్పిందో ఆమెకే గుర్తు లేదు.

కానీ ఆ రోజు అరమీద వరసంతా ఎర్రగా, ముచ్చటగా తయారైంది. ఆ ఒక్క మూతే పసుపు మరకలతో, పళ్ళ వరసలో పుచ్చుపన్నులా కనిపించింది. చూస్తే ప్రాణం ఒప్పలేదు. చిల్లు మూత తీసి కోటు జేబులో వేసుకుంది, ఎర్ర మూత పెట్టి గట్టిగా బిగించింది. వాళ్ళు వెళ్ళగానే మార్చేద్దాంలే అనుకుంది.

తనిఖీ వాళ్ళు వచ్చి చూసి, ఇంత పద్ధతైన గది తామెక్కడా చూడలేదన్నారు. ఆమెను అర పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. రూళ్ళకర్ర కూడా నవ్వాడు, అది మాత్రం వింతే. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ ఆమె కాళ్ళు నేలమీద లేవు. మూత సంగతి మర్చిపోయింది. శుక్రవారం బండితో ల్యాబుల చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. శని, ఆది సెలవు. సోమవారం పొద్దున ఆమె ఆఫీసులో హాజరు సంతకం పెడుతుంటే, బకెట్టు పట్టుకుని వదిన ముందుగా గది తెరిచి లోపలికి వెళ్ళింది.

చప్పుడు విన్న క్షణమే ఆమెకు తెలిసిపోయింది, ఏ సీసానో, ఎందుకో.

అక్కడి నుంచి ఆమె చేసిందంతా పుస్తకంలో రాసినట్టే చేసింది. ఊపిరి బిగబట్టి లోపలికి పోయి వదినను చంకల కింద పట్టుకుని బయటకు లాగింది. వసారాలో కళ్ళు కడిగే కుళాయి దగ్గర వంచి, రెప్పలు వేళ్ళతో విడదీసి పట్టుకుని, గోడ గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు నీళ్ళు పట్టింది. వదిన అరుస్తూ ఆమె ముంజేతులు రక్కేసింది. ఈమె వదల్లేదు. గాజుముక్క గుచ్చుకున్న ఎడమకన్ను ఎలాగూ దక్కేది కాదనీ, కుడికన్ను మిగిలిందంటే ఆ నీళ్ళ వల్లేననీ డాక్టరు చెప్పాడు. అన్నయ్య ఆస్పత్రి వరండాలో ఆమె రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు లేకపోతే మొత్తం చీకటే అయ్యేదే చిట్టీ" అని భోరుమన్నాడు. ఆమె అతని వెన్ను నిమిరింది. తనకేమైనా అనిపిస్తుందేమోనని చూసుకుంది. ఏమీ అనిపించలేదు.

ఆ తర్వాత కూడా అంతే. తిండి తింటే గడ్డి తిన్నట్టు ఉండేది, అయినా తినేది. ఎవరైనా పలకరిస్తే సరైన జవాబే చెప్పేది. రెండో రోజు కోటు ఉతకడానికి తీస్తే జేబులో చిల్లు మూత దొరికింది. కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసింది. మర్నాడు గదికి తీసుకెళ్ళి, యాసిడ్ తగిలిన ప్లాస్టిక్ వేసే డబ్బాలో పడేసింది. డబ్బా నిండితే దానికి లేబుల్ రాసి అంటించింది. రెండు రోజులకు వ్యర్థాలు తీసుకెళ్ళే లారీ వచ్చి డబ్బాను పట్టుకుపోయింది. దాచాలని చేశానా, అలవాటు కొద్దీ చేశానా అని తనను తాను అడిగి ఉంటే నిజం చెప్పగలిగేది కాదు. అడగలేదు.

మూడో రోజున విచారణ కమిటీ పిలిచింది. ముగ్గురు ప్రొఫెసర్లు, రాసుకోవడానికి రూళ్ళకర్ర. పెద్దాయన గొంతు సవరించుకుని అడిగాడు.

"తుడిచే ఆవిడ సీసాలు ముట్టుకునేదా అమ్మా?"

"తనిఖీ రోజు పొద్దున తుడిచింది సార్."

"తుడిచేటప్పుడు మూతలు కూడా ఆవిడ దగ్గరే ఉన్నాయా?"

"సంచి ఆవిడ చేతిలోనే ఉంది."

అడిగినదానికి జవాబు చెప్పింది. ఒక్క అబద్ధం లేదు. మూడో ప్రశ్న వస్తుందనుకుంది, మూత ఎవరు మార్చారని. వస్తే చెప్పేదే. కానీ పెద్దాయన గడియారం చూసుకుని, "వెళ్ళిరా అమ్మా, ఇంట్లో అసలే కష్టంలో ఉన్నారు" అన్నాడు. ఆమె లేచి వచ్చేసింది. ఆ అడగని ప్రశ్నను అడ్డం పెట్టుకునే ఆ తర్వాత రోజులన్నీ గడిపింది.

పదకొండో రోజు, శుక్రవారం మధ్యాహ్నం, రూళ్ళకర్ర కబురు పెట్టాడు. బల్లమీద నాలుగు పేజీల నివేదిక.

"తీరిగ్గా చదువుకో అమ్మా. గది బాధ్యత నీది కాబట్టి నీ సంతకం కూడా కావాలి."

మూడో పేజీలో ఉంది. శుభ్రపరిచే ఉద్యోగిని అనుమతి లేకుండా సీసాలను తాకి, రంధ్రమున్న మూత తొలగించి సాధారణ మూత బిగించినట్టు విచారణలో తేలింది. స్వయంకృతం కాబట్టి చికిత్స బాధ్యత యూనివర్సిటీకి లేదు. ఉద్యోగంలో కొనసాగించనవసరం లేదు. లోహాల ల్యాబ్‌లో స్పిరిట్ పోసిందెవరో మాత్రం తేలలేదట. తుడిచేవాళ్ళకు రక్షణ కళ్ళజోళ్ళు ఇవ్వాలని తను మూడుసార్లు రాసి పంపిన కాగితాల ఊసు ఎక్కడా లేదు.

"మూత ఆవిడే మార్చిందని ఎవరన్నారు సార్?"

"ముట్టుకుందని నువ్వే చెప్పావుగా. ఆస్పత్రిలో ఆవిణ్ణి కూడా అడిగాం. గుర్తు లేదంది. కాదని మాత్రం అనలేదు." గొంతు తగ్గించాడు. "చూడమ్మా, నీ మీదకు మాట రాకుండా చూశాను. పద్నాలుగేళ్ళ పేరు నీది. ఆవిడ ఎలాగూ ఇక పనికి రాలేదు. మీ ఇంట్లో ఒక్కరైనా నిలబడాలి కదా."

ఆమె పెన్ను తీసుకుంది. ఇలాంటి చోట చెయ్యి వణుకుతుందని జనం చెప్పుకుంటారు. వణకలేదు. సంతకం కుదురుగా, ఎప్పటిలాగే వచ్చింది. సోమవారం పైకి పంపిస్తానని చెప్పి అతను కాగితాలు సర్దుకున్నాడు.

బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. ఆమె నిలబడే ప్రయాణం చేసింది.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. వదినను ముందురోజే ఆస్పత్రి నుంచి తెచ్చారు. మంచం అంచున కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఎడమకన్ను మీద కట్టు, చెంప నుంచి మెడదాకా ఎర్రటి మచ్చలు. వంటింట్లో అన్నయ్య గిన్నెలు తోముతున్నాడు, కుళాయి చప్పుడు వినిపిస్తోంది.

"వచ్చావా? కూర్చో," అంది వదిన. స్టూలు మీదున్న గ్లాసు అందుకోబోయింది. ఒక్క కంటితో దూరం అంచనా దొరకలేదు. వేళ్ళు గ్లాసుకు ఇవతలే మూసుకున్నాయి, రెండోసారి మణికట్టు తగిలి గ్లాసు కిందపడింది.

వంటింట్లోంచి అన్నయ్య గొంతు వచ్చింది. "చూసుకోవే! ఎప్పుడూ ఇంతే నీతో. ముట్టుకోవద్దన్నవే ముట్టుకుంటావు!"

లేబుళ్ళక్క వంగి నీళ్ళు తుడిచింది.

"ఆయన్నేం అనుకోకు," అంది వదిన మెల్లిగా. "ఆఫీసువాళ్ళు చెప్పిన దగ్గర్నుంచీ అలాగే అంటున్నారు. సీసాలెందుకు ముట్టుకున్నావు, మూతలెందుకు తిప్పావు అని. నా మీద కోపం కాదులే, బాధ." మడతపెట్టిన తువ్వాలు విప్పి మళ్ళీ మడతపెట్టింది. "నీతో ఒకటి చెప్పాలి. రెండు రోజుల్నుంచి చెబుదామనుకుంటున్నా, నోరు రావట్లేదు."

"చెప్పు వదినా."

"మొదట నాకేం గుర్తు లేదు. వాళ్ళు అడిగాక ఆలోచించాను. మూతల సంచి నా చేతిలోనే ఉంది కదా. ఉన్న ఒక్క కన్నూ మూసుకుంటే చాలు, నా చెయ్యే ఆ మూత తిప్పుతున్నట్టు కనిపిస్తోంది. నేనే బిగించి ఉంటాను. నువ్వు ఎన్నిసార్లు చెప్పావు, వాటి జోలికి పోకు వదినా అని! వినకుండా చేశాను." తువ్వాలు మడత మళ్ళీ విప్పింది. "నలుగుర్నీ అడిగి ఉద్యోగం వేయించావు. పద్నాలుగేళ్ళు నిలబెట్టుకున్న పేరు నీది. నేనొచ్చి దానికి మచ్చ తెచ్చాను. నన్ను క్షమించు. ఏడుద్దామంటే ఏడవకూడదట, కంటికి మంచిది కాదట."

అప్పుడు నొప్పి వచ్చింది. పదకొండు రోజులుగా ఎక్కడుందో తెలియని నొప్పి అది. కన్ను పోగొట్టుకున్న మనిషి తనను క్షమాపణ అడుగుతోంది. చెయ్యని తప్పు తన చేతుల్లో కనపడేదాకా తెచ్చుకుంది. అంతకంటే సిగ్గుపడాల్సిన క్షణం లేబుళ్ళక్క బతుకులో ఎప్పుడూ లేదు.

"నువ్వు కాదు వదినా. ఆ మూత నేను మార్చాను."

వదిన చేతులు ఆగాయి.

"సీసాలు తుడవమన్నదీ నేనే. చిల్లు మూత చూడ్డానికి బాగాలేదని నేనే తీశాను. ఎర్రది నేనే బిగించాను. వాళ్ళు వెళ్ళాక మారుద్దామనుకుని మర్చిపోయాను. నువ్వు ఒక్క మూత కూడా తిప్పలేదు."

వదిన తువ్వాలు పక్కన పెట్టింది. వంటింట్లో కుళాయి పారుతూనే ఉంది.

"ఎప్పుడు గుర్తొచ్చింది నీకు?"

"చప్పుడు వినగానే."

"అంటే, కుళాయి కింద నా కన్ను పట్టుకున్నప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు."

"ఆస్పత్రిలో నాకు అన్నం తినిపించినప్పుడు?"

"తెలుసు."

"వాళ్ళు వచ్చి నువ్వే బిగించావా అని నన్ను అడిగి వెళ్ళారని నీతోనే చెప్పాను. అప్పుడు?"

లేబుళ్ళక్క తల ఊపింది. వదిన ఎడమవైపు కూర్చున్నానని, ఆమెకు ఆ ఊపు కనపడదని ఆలస్యంగా తట్టింది. "తెలుసు," అంది.

"ఆ కాగితాలేవో రాస్తున్నారన్నావు. అయిపోయాయా?"

"అయిపోయాయి. ఇవాళే సంతకం పెట్టాను."

వదిన మొహం ఇటు తిప్పింది. మొత్తం తిప్పితే గాని మనిషి కనపడదు. అలా పూర్తిగా తిరిగి, ఉన్న కంటితో ఆడబిడ్డను చూసింది. తిడుతుందేమో, కొడుతుందేమో అనుకుంది లేబుళ్ళక్క. కొడితే బాగుండుననిపించింది.

"ఫోన్ తియ్యి," అంది వదిన. "ఇప్పుడే. నాకు వినపడేట్టు పెట్టు."

రూళ్ళకర్ర రెండో రింగుకే ఎత్తాడు. ఆమె ఉపోద్ఘాతం లేకుండా చెప్పింది. ఏ రోజు, ఏ సీసా, ఏ మూత తీసి ఏది పెట్టింది, తీసిన మూతను ఏ డబ్బాలో పారేసింది, అన్నీ చెప్పింది.

"అమ్మా, నువ్వు అలసిపోయి ఉన్నావు. ఇప్పుడివన్నీ ఎందుకు? సంతకం పెట్టేశావు కూడా."

"పెట్టాను సార్. అబద్ధం కింద పెట్టాను. ఇప్పుడు నేను చెప్పింది రాసి, కింద సంతకం పెట్టి, ఫొటో తీసి మీకూ కమిటీ పెద్దాయనకూ పంపిస్తాను. కళ్ళజోళ్ళ కోసం నేను రాసిన మూడు కాగితాల నకళ్ళు కూడా పంపిస్తాను."

"ఉద్యోగం పోతుంది, తెలుసా? ఇద్దరిదీ పోవచ్చు. ఆలోచించుకున్నావా?"

"ఆవిడది పోవడానికి వీల్లేదు సార్. ఆవిడ ఏ తప్పూ చెయ్యలేదు. నాది మీ ఇష్టం."

అతను ఇంకేదో అంటుండగానే వదిన చెయ్యి చాపింది. ఫోన్ దొరకలేదు, గాలిలో తడుముకుంది. లేబుళ్ళక్కే కట్ చేసింది. తర్వాత వదిన చూస్తుండగానే కాగితం తెచ్చి రాసింది. ఈసారి అక్షరాలు కుదురుగా రాలేదు. రెండుసార్లు కాగితం పాడుచేసి మూడోదాని మీద పూర్తిచేసింది. పంపించింది. అప్పటికి ఆమె ఏడుస్తోందని ఆమెకే తెలియలేదు. అక్షరాలు అలుక్కుపోతుంటే తెలిసింది.

వదిన ఆమెను ఓదార్చలేదు. ఓదార్చాలని ఆమె కూడా అనుకోలేదు.

"మీ అన్నయ్యని పిలు," అంది వదిన. "నాతో చెప్పింది ఆయనతో చెప్పు."

అన్నిటికంటే అదే కష్టమైంది. కుళాయి చప్పుడులో వినపడక రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. అన్నయ్య తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంటే చిట్టీ, ఏడుస్తున్నావా? ఏమైంది?"

ఆమె చెప్పింది. అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ముందు చెల్లెలి వైపు చూశాడు, తర్వాత పెళ్ళాం వైపు. చెల్లెలంటే అతనికి చిన్నప్పటి నుంచీ ప్రాణం. అలవాటు కొద్దీ నోరు తెరిచాడు.

"పోనీలేవే, నువ్వేమన్నా కావాలని..."

"ఆగండి," అంది వదిన.

అతను ఆగాడు.

"తనకి తర్వాత చెప్పుకోండి, ఏం చెప్పుకోవాలో. ఎనిమిది రోజులుగా పొద్దునా సాయంత్రం నన్ను అంటూనే ఉన్నారు. నర్సు ముందు అన్నారు, పక్క మంచం వాళ్ళ ముందు అన్నారు. ఇందాక గ్లాసు పడితే కూడా అన్నారు. ఇప్పుడు నాతో ఒక్క మాట చెప్పండి."

"ఏం చెప్పనే?"

"నేను కాదని."

అతను గుమ్మం పట్టుకున్నాడు. కిందికి చూశాడు.

"నువ్వు కాదు," అన్నాడు.

"నా వైపు చూసి."

అతను వచ్చి, ఆమెకు కనపడేట్టు కుడివైపు నిలబడ్డాడు. "నువ్వు కాదు," అన్నాడు మళ్ళీ.

"ఇంకోసారి అనండి," అంది వదిన.